నెంబరుంటే చాలు, కారెందుకు?

మోటారు కారుకి ఇంజను లేకపోయినా ఫర్వాలేదు. నలుగురు కలిసి తోస్తే అదే కదులుతుంది. బ్రేకులు లేకపోయినా దిగులు పడక్కర్లేదు, ఎదురొచ్చేవాడు ప్రాణమ్మీద తీపితో తనే తప్పుకుంటాడు. కాని మంచి నెంబరు లేకపోతే మాత్రం అది కారే కాదు! ఉత్త రేకుడబ్బా!

నమ్మరా? అయితే హనుమాన్ జంక్షన్ దగ్గర రైసు మిల్లు నడుపుతున్న వెంకటప్పయ్య గారి సంగతి వినండి. విన్నాక కూడా నెంబరు మహిమని శంకించేవాళ్ళెవరైనా మిగిలితే, వాళ్ళని జట్కా ఎక్కించి ఇంటికి పంపేద్దాం.

వెంకటప్పయ్య గారికి దేనికీ లోటు లేదు. మిల్లుంది, మాగాణి ఉంది, నల్ల అంబాసిడరు ఉంది, అందులో పట్టీపట్టకుండా ఇమిడే పొట్ట ఉంది. ఆ అంబాసిడరు నెంబరెంతో మాత్రం ఆయనకి ఏనాడూ జ్ఞాపకం లేదు. మూడువేల పైచిలుకు, మధ్యలో ఎక్కడో సున్నా ఉన్నట్టు గుర్తు. ఆ మరుపే ఆయన కొంప ముంచింది.

గన్నవరంలో ఓ పెళ్ళికి వెళ్ళారు. ఆయన ఇలా కూర్చున్నారో లేదో మైకు గొంతు చించుకుంది. "తొమ్మిదో నెంబరు కారు వారు విచ్చేశారు! దారివ్వండి బాబూ, దారివ్వండి!" వచ్చింది ఎవరో కాదు, ఆయన వియ్యంకుడు, పొగాకు వ్యాపారి రామకోటేశ్వరరావు గారే. ఒంటి అంకె నెంబరంటే మాటలా! పందిరి పందిరంతా లేచి నిలబడింది. పెళ్ళికొడుకు కూడా లేవబోతే పురోహితుడు ఉత్తరీయం పట్టుకుని కూర్చోబెట్టాడు.

ఇంకాసేపటికి అదే మైకు. "ఆ మూడువేల ఎంతో నెంబరు నల్ల అంబాసిడరు ఎవరిదండీ? వంటసామాను బండికి అడ్డంగా ఉంది. తీయించాలి."

అందరూ తలలు తిప్పి ఆ పెద్దమనిషి ఎవరా అని వెతికారు. వెంకటప్పయ్య గారు కూడా తల తిప్పి వెతికారు. అంతలో డ్రైవరు శౌరయ్య పందిట్లోకి వచ్చి, "అయ్యగారూ, అది మన బండేనండీ. తాళాలు మీ జేబులోనే ఉండిపోయాయి" అని అంతమంది ముందూ అనేశాడు.

ఆయనకి ఆ పూట లడ్డూ కూడా సయించలేదు. ఇంటికి రాగానే భార్య వెంకటరత్నమ్మ గారిని పిలిచారు.

"రత్నం, నేనెవరో ఈ జిల్లాకి నా నెంబరు చెప్పాలి. లేకపోతే నా బతుకెందుకు?"

"మీరెవరో ఈ జిల్లాకి తెలుసు గదండీ!"

"తెలిస్తే అడ్డం తీయమంటారా?"

చూశారా పట్టుదల! మామూలు మనుషులు ముందు కారు కొని తర్వాత నెంబరు తెచ్చుకుంటారు. వెంకటప్పయ్య గారు ముందు నెంబరు అనుకుని, దానికి తగ్గ కారు కోసం వెతికారు. ఆయన అనుకున్న నెంబరు వెయ్యినూట పదహారు. మనలో ఎవరైనా ఎవరికైనా మర్యాద చేస్తే నూటపదహార్లో, వెయ్యినూట పదహార్లో అంటాం గాని ఉత్త సున్నాలతో సరిపెడతామా? పైగా అంకెలన్నీ కూడితే తొమ్మిది! వియ్యంకుడి దగ్గర తొమ్మిది ఒకటే ఉంది. ఈయన దగ్గర తొమ్మిదీ ఉంటుంది, మర్యాదా ఉంటుంది.

ఇంత నెంబరుని అంబాసిడరుకి తగిలిస్తే నెంబరుకే అవమానం. మద్రాసులో ఓ దొర ఉద్యోగం చాలించి స్వదేశం వెళ్ళిపోతూ తన కారు అమ్ముతున్నాడని తెలిసి, వెంకటప్పయ్య గారు అది కొనేశారు. స్పోర్ట్స్ కారు! ఎరుపంటే ఎరుపు, మిరపపండు ఎరుపు. టాపు గొడుగులా మడిచి వెనక్కి పెట్టుకోవచ్చు. ఉన్నవి రెండే సీట్లు.

ఆ రెండే సీట్లు చూసి వెంకటరత్నమ్మ గారికి కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏ కారెక్కినా ఆవిడది వెనక సీటే. పక్కన ఆడపడుచులు, ఒళ్ళో కూరగాయల బుట్ట, ఎదురుగా భర్త గారి మెడ. దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏ కాలవ దాటామో ఆవిడకి ఆ మెడ పక్కనుంచి కనిపించినంతే. ఈ కారుకి వెనక సీటన్నదే లేదు. ఎక్కడ కూర్చోబెట్టినా ముందే కూర్చోబెట్టాలి!

కారు మద్రాసు నుంచి వస్తూ దారిలో గాలివానలో చిక్కుకుందని తెలిసినప్పుడు ఆవిడ మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకున్నారు. బండి క్షేమంగా ఇల్లు చేరితే, ఆ బండిలోనే వచ్చి బిందెడు పానకం పోయిస్తానని. స్వామి సగం తాగి సగం మనకే వదిలేస్తాడు. ఆవిడ కోరిక అంతకన్నా పెద్దదేం కాదు, ఉన్న రెండు సీట్లలో ఒకటి.

"రేపే వెళ్దామండీ" అన్నారావిడ.

వెంకటప్పయ్య గారు అప్పటికే వంగి, స్క్రూడ్రైవరుతో మద్రాసు నెంబరు పలక ఊడదీస్తున్నారు. "నెంబరు రాకుండా గుమ్మం కదలదు. ఎవరి ఇంటిపేరో తగిలించుకుని ఊళ్ళు తిరగమంటావా?"

"నేను తిరగట్లేదూ? పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ ఇంటిపేరుతోనే తిరుగుతున్నాగా, నాకేం వచ్చింది?"

ఆయన స్క్రూడ్రైవరు ఇంకాస్త గట్టిగా తిప్పారు. ఇంకో స్క్రూ ఊడింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. నెంబర్లు వరసలో వస్తాయి, అంబాసిడరు నాటి పాత వరస ఎప్పుడో అయిపోయి మళ్ళీ ఒకటి నుంచి కొత్త వరస మొదలైంది. బళ్ళకి నెంబర్లిచ్చే బెజవాడ బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి ఆఫీసులో అప్పటికి ఏడువందలు కూడా దాటలేదు. వెయ్యినూట పదహారు రావాలంటే అన్ని బళ్ళు రోడ్డెక్కాలి. ఇంకొకడైతే చేతులు ముడుచుకు కూర్చునేవాడు. వెంకటప్పయ్య గారు అలా కాదు, దేశాన్ని ముందుకు నెట్టడానికి నడుం కట్టారు!

చుట్టాల ఇళ్ళకి వెళ్ళి మరీ బళ్ళు కొనిపించారు. సైకిలు తొక్కడం రాని తోడల్లుడి చేత మోటారు సైకిలు కొనిపించారు. రెండెకరాల మేనమామని లారీకి ఒప్పించారు. స్కూటరు బుక్ చేసి, ఏళ్ళకేళ్ళు చూసి, ఇక వద్దులే అనుకుంటున్న కృపానందం మేస్టారికి రోజూ ఉత్సాహం నూరిపోశారు. పంచవర్ష ప్రణాళికలు చెయ్యలేని పని ఒక్క నెంబరు మీద మోజు చేసి చూపించింది. ఇది దేశసేవ కాక మరేమిటి, మీరే చెప్పండి!

ప్రతి సోమవారం ఆయన బెజవాడ వెళ్ళి నెంబరు ఎంతదాకా వచ్చిందో చూసుకొచ్చేవారు. ఎర్రబస్సులో! అంబాసిడరు ఆయన్ని పందిట్లో అవమానించింది కనక దాన్ని షెడ్డులో పడేశారు, ముట్టుకోరు. కొత్త కారుకి నెంబరు లేదు. రెండు కార్లున్న ఆసామి ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళడం చూసి ఊళ్ళోవాళ్ళు ఎంత నిరాడంబరుడో అని మెచ్చుకున్నారు.

ఇక్కడ మిల్లులో వెంకటరత్నమ్మ గారు ఎన్నాళ్ళని కారు తుడుస్తూ కూర్చుంటారు? ఓ సోమవారం శౌరయ్యని పిలిచి అడిగారు.

"రోడ్డెక్కితేనే గదా శౌరయ్యా నెంబరు కావాల్సింది? మన కళ్ళంలో తిరగడానికి ఎవరి పర్మిషను కావాలి?"

"మన కళ్ళం మనిష్టం గదండీ అమ్మగారూ. కూర్చోండి, ఓ చుట్టు తిప్పుతా."

"నువ్వు తిప్పడం కాదు. నాకు నేర్పు."

ధాన్యం ఎండబోసే సిమెంటు కళ్ళం ఎంత విశాలంగా ఉంటుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొదటిరోజు ఆవిడ కారుని తిన్నగా తీసుకెళ్ళి ధాన్యం రాశిలో దింపారు. కూలీ ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు. పంట కోతలు అయ్యేసరికి, రెండు రాశుల మధ్య నుంచి గింజ కదలకుండా రివర్సులో తీసుకురావడం వచ్చేసింది.

"టైర్లకి వడ్లు పట్టుకున్నాయేమే?" అని ఓసారి అడిగారు వెంకటప్పయ్య గారు.

"ఎలకలు తెచ్చిపెట్టుంటాయండీ."

నమ్మారు. నెంబరు మీద ధ్యాసున్న మనిషికి మిగతా లోకం మీద ఎంత నమ్మకమో!

ఎట్టకేలకి ఓ గురువారం ముహూర్తం కుదిరింది. తర్వాతి నెంబరు వెయ్యినూట పధ్నాలుగు అని కబురొచ్చింది. మధ్యాహ్నం వర్జ్యం రాకుండా పని కానిచ్చేయాలి. పధ్నాలుగుకి, పదిహేనుకి రెండు బళ్ళు ముందు పెడితే, మూడోది కారు! మొదటి బండి మేస్టారి కొత్త స్కూటరు. రెండోది మిల్లుకని కొన్న ట్రాక్టరు, నడిపేది శౌరయ్య. దాని వెనక ట్రైలరు, అందులో పొద్దున దింపగా మిగిలిన ఊక. ట్రైలరు వెనక తాడు కట్టి, పసుపు కుంకుమలతో స్పోర్ట్స్ కారు. ఆ కారులో పానకం బిందె పట్టుకుని వెంకటరత్నమ్మ గారు. వెంకటప్పయ్య గారు పట్టు కండువా వేసుకుని, ఈ ఊరేగింపుకి ముందు నడిచి ఆఫీసు గేటు దాటారు.

గుమాస్తా బయటికి వచ్చి వరసగా చెప్పుకుంటూ పోయాడు. "స్కూటరు వెయ్యినూట పధ్నాలుగు. ట్రాక్టరు వెయ్యినూట పదిహేను. ట్రైలరు వెయ్యినూట పదహారు. కారు..."

"ఆగండాగండి! ట్రైలరుకి నెంబరేమిటి? అది ట్రాక్టరుతో వచ్చిందిగా!"

"ఎవరితో వచ్చినా దాని నెంబరు దానిదేనండీ. రెండూ రెండు బళ్ళు."

"ఇదెక్కడి చోద్యమయ్యా! ఎడ్లనీ బండినీ కలిపి బండి అంటాంగాని, రెండు బళ్ళంటామా?"

"ఎడ్లకి ఇక్కడ రిజిస్ట్రేషను లేదండీ" అన్నాడు గుమాస్తా వినయంగా.

పుట్టి బుద్ధెరిగాక ఎడ్లని విడిగా, బండిని విడిగా లెక్కపెట్టిన రైతు ఈ డెల్టాలో ఎవరున్నారు? వెంకటప్పయ్య గారు అక్కడే తప్పారు. ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. ఊక ట్రైలరు వెయ్యినూట పదహారైంది. మిరపపండు కారు వెయ్యినూట పదిహేడైంది. ఆయన కండువా కళ్ళకద్దుకుని మెట్ల మీద కూలబడిపోయారు. పాపం, నిజంగానే ఏడ్చారు.

"నెంబరొచ్చిందిగా, ఇక లేవండి. మొక్కు తీర్చుకుందాం" అన్నారు వెంకటరత్నమ్మ గారు మెల్లిగా.

ఆయన లేచారు. కారు వైపు చూడలేదు. నెంబరే బండి అని ఇన్నాళ్ళూ నమ్మిన మనిషి మాట తప్పుతారా? నేరుగా వెళ్ళి ట్రైలరెక్కి, ఊక మీద పట్టు కండువా పరుచుకుని కూర్చున్నారు!

"సరే. శౌరయ్యా, అయ్యగారిని జాగ్రత్తగా తీసుకురా" అని వెంకటరత్నమ్మ గారు తాడు విప్పించి, స్టీరింగు ముందు కూర్చుని కారు స్టార్ట్ చేశారు. వెంకటప్పయ్య గారు ఊకలోంచి సగం లేచారు. లైసెన్సంటారా? ఈ ఆఫీసులోనే తీసుకున్నారు, షెడ్డులో ఊరికే పడున్న అంబాసిడరు నడిపి చూపించి. ఆయన వచ్చేది సోమవారాలు. ఆవిడ వచ్చింది మంగళవారం.

ముందు ఎర్రకారు, వెనక ఊక ట్రైలరు. బ్యారేజీ ఎక్కేసరికి కృష్ణ మీద గాలి లేచింది. గాలికి ఊక లేచింది. ఊకలో వెంకటప్పయ్య గారు కనిపించడం మానేశారు, తుమ్ములు మాత్రం వినిపిస్తున్నాయి. అవతలి గట్టు దాటగానే ఆవిడ కారు ఆపి దిగి వచ్చారు.

"రండి. రెండో సీటు మీదే."

"అది పదిహేడు."

"సీటుకి నెంబరు లేదండీ."

ఆయన ఒళ్ళంతా గోక్కుంటూ దిగారు. పిల్లని అత్తవారింట దింపి వస్తున్నట్టు ట్రైలరు వైపు ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసి, కారెక్కారు. ఆవిడ ఎదురుగా మంగళగిరి కొండ, పక్కన చెరుకు తోటలు, అడ్డంగా ఏ మెడా లేదు. స్వామి సగం పానకం తాగి సగం వదిలేశాడు. ఆ సగం భర్తకి పోస్తూ, ఇంత తియ్యటి పానకం తనెప్పుడూ తాగలేదన్నారావిడ.

ఆ తర్వాత గన్నవరంలో మళ్ళీ పెళ్ళి. వెంకటప్పయ్య గారు ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా వెనక ట్రైలరు రావలసిందే. ఎర్రకారు పందిరి ముందు ఆగగానే మైకు అందుకుంది. "వెంకటరత్నమ్మ గారు విచ్చేశారు! దారివ్వండి!" పందిరంతా లేచింది.

"ఈ కారు నెంబరెంత బావగారూ?" అని అడిగారు రామకోటేశ్వరరావు గారు, పక్కన కూర్చుంటూ.

"మీరు చూళ్ళేదూ?"

"ఆవిణ్ణి చూశాం గాని, నెంబరెవరు చూశారు!" అని ఆయన గొంతు తగ్గించారు. "అదృష్టవంతురాలు, పేరు పెట్టి పిలుస్తున్నారు. నన్ను పేరుతో పిలిచి ఎన్నాళ్ళయిందో! మొన్న శుభలేఖ మీద కూడా తొమ్మిది గారికి అని రాసి పంపారు బావగారూ."

వెంకటప్పయ్య గారు ఓదార్చబోయేంతలో మైకు మళ్ళీ గొంతు సవరించుకుంది. "వెయ్యినూట పదహారు నెంబరు వారు ఎక్కడున్నా వచ్చి, వంటపందిరికి అడ్డంగా ఉన్న ఊక ట్రైలరు తీయించవలసిందిగా ప్రార్థన!"

ఈసారి వెంకటప్పయ్య గారు తల తిప్పి ఎవరికోసమూ వెతకలేదు. కండువా సర్దుకుని, అందరూ చూస్తుండగా లేచి నిలబడ్డారు. నెంబరు లేకపోతే ఆ మర్యాద దక్కేదా, మీరే చెప్పండి!