అందరికీ ఒకటో నంబరే

సెలూన్ యజమాని షాపు తెరిచి మూడు కుర్చీలూ తుడిచాడే గానీ, కూర్చునే నాథుడు లేడు. ఎదురుగా కొత్త షాపు వచ్చాక జనం అటే పోతున్నారు. ఈ శనివారం కూడా ఈగలు తోలుకోవడమే అయితే సోమవారం తాళం వెయ్యాల్సిందేనని భార్యతో చెప్పేశాడు. ఆవిడ ఏడుపు దిగమింగుకుని, కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే తమ్ముణ్ణి పిలిపించింది.

పాపం, అక్కంటే వాడికి ప్రాణం. వస్తూనే ఒక వెబ్ పేజీ తయారుచేశాడు.

"బావా, అందరి చేతుల్లోకీ కొత్త ఫోన్లొచ్చాయి. బ్రౌజర్‌లో మన పేజీ తెరిచి నంబరు తీసుకుంటారు. వంతు రాగానే వస్తారు. బెంచీ మీద పడిగాపులుండవు."

"బాగానే ఉందిరా. మరి కింద ఈ 'మీ ప్రోగ్రామూ చేర్చండి' ఏమిటి?"

"ఫోన్ల కంపెనీలే బయటివాళ్ల ప్రోగ్రాములకి తలుపులు తీస్తున్నాయి బావా. మనమెందుకు మూసుకోవాలి?"

బావకి సగమే అర్థమైంది. అయినా తలూపాడు. బావమరిదిని కాదని ఇంట్లో వేగగలడా!

నిజంగానే శనివారం పొద్దున్నే నలభైమంది నంబర్లు తీసుకున్నారు. చిక్కల్లా, ఆ వీధిలో ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. బ్యాంకు గుమాస్తా తన పేరు ముందుకు జరిగే ప్రోగ్రాం చేర్చాడు. లెక్కల మాస్టారికి ఒళ్లు మండి, గుమాస్తాని వెనక్కి తోసే ప్రోగ్రాం చేర్చారు. ఇక చూసుకోండి, రెప్ప వేసేలోగా వరస మారిపోతోంది. ఎవరి వంతో ఎవరికీ తెలీక అందరూ ఫోన్లు పట్టుకుని ఇళ్లల్లోనే కూర్చున్నారు. షాపులో పురుగు లేదు.

"ఉన్నదీ ఊడగొట్టావు కదరా!" అంది అక్క, కళ్లొత్తుకుంటూ.

వాడి మనసు చివుక్కుమంది. గబగబా ఏదో కొట్టి, "అయిపోయిందక్కా! అందరికీ ఒకటో నంబరే ఇచ్చేశాను. ఇక కొట్లాటే లేదు" అన్నాడు.

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అందరూ ఒక్కసారే వస్తార్రా!" అని బావ నెత్తి కొట్టుకున్నాడు.

వచ్చారు. పోలోమని వచ్చారు. ముందొచ్చి కూర్చున్న గుమాస్తాని మాస్టారు లాగితే, అతను సగం కత్తిరించిన జుట్టుతో కుర్చీ పట్టుకు వేలాడాడు. అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి. బావ అందరినీ బతిమాలుతూనే కత్తెర ఆడిస్తున్నాడు.

ఎదురుషాపులో కూర్చున్నవాళ్లు ఇదంతా చూశారు. "ఒక్క కుర్చీకోసం ఇంతలా కొట్టుకుంటున్నారంటే ఆ చేతిలో ఏదో ఉందండీ" అనుకుంటూ, మెడకు కట్టిన గుడ్డలతోనే రోడ్డు దాటేశారు. సాయంత్రానికి కుర్చీలు చాలక ఇంట్లోంచి స్టూళ్లు తెచ్చారు. అక్క ఈసారి సంతోషం పట్టలేక ఏడ్చింది. బావ బావమరిది భుజం పట్టుకున్నాడు. తాళం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఎదురుషాపతను వచ్చి, అలాంటి పొరపాటు తనకూ ఒకటి చేసిపెట్టమని బావమరిదిని బతిమాలాడు.