అడ్డసరానికి ఎండ కావాలి

దవాఖానలన్నీ మూసేసి ఆ స్థలాల్లో నర్సరీలు తెరవాలని ఈ కాలమ్ సవినయంగా డిమాండ్ చేస్తోంది! డాక్టరు సెలవు పెడతాడు, తులసి పెడుతుందా? కాంపౌండరు కసురుకుంటాడు, కలబంద ఏనాడైనా కసురుకుందా? స్కానింగ్ మిషన్‌కి ఏసీ హాలు కావాలి. తిప్పతీగకు పాత పెయింటు డబ్బా చాలు.

ఇంట్లో చోటు లేదనే వాళ్లు వట్టి సోమరులు. పిట్లంలో ఒకాయన చెడిపోయిన కూలరులో నేలవేము పెంచుతున్నాడట. కూలరు ఇప్పుడే ఎక్కువ పనికొస్తోందని ఆయన భార్య కూడా ఒప్పుకుందట. బీర్కూర్‌లో ఒక కుర్రాడు హెల్మెట్ వెల్లకిలా పెట్టి సరస్వతి ఆకు వేశాడు. జ్ఞాపకశక్తికి మంచిదని. దాంతో హెల్మెట్ ఎక్కడుందో ఇక ఎప్పటికీ మరిచిపోడు.

కానీ ఈ విద్యలో ఆరితేరినవాడిని చూడాలంటే ఎల్లారెడ్డి వెళ్లాలి. అక్కడుండే ప్రేమ్‌కుమార్ కామారెడ్డిలో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. రోజూ బస్సులో పోతూ వస్తూ వీడియోలు చూసి వైద్యుడయ్యాడు. అతని భార్య రాజశ్రీ బీడీలు చుడుతుంది. రెండు గదుల కిరాయి ఇల్లు, ముందు తలుపును ఆనుకుని మంచమంత అరుగు. పొద్దున్నే ఒళ్లో చాట పెట్టుకుని రాజశ్రీ ఆ అరుగు మీద కూర్చునేది. పక్కింటి కమలవ్వ తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చునేది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మధ్యమధ్యలో వాడకట్టు సంగతులన్నీ విచారించి తీర్పులు చెప్పడం. ఎండ, గాలి, కబుర్లు మూడూ ఒక్కచోటే దొరికేవి.

మొన్నటి వానకాలం మొదట్లో రాజశ్రీకి దగ్గు పట్టుకుంది. బీడీలు చుట్టేవాళ్లకు తంబాకు దుమ్ముతో దగ్గు రావడం కొత్తేమీ కాదు. డాక్టరుకు చూపించుకుంటానని ఆమె అంది. అంతే, ప్రేమ్‌కుమార్‌కు రోషం వచ్చింది. చేతిలో ఫోన్ ఉండగా డాక్టరు ఎందుకు? ఆ సాయంత్రమే కామారెడ్డి నర్సరీ నుంచి రెండు అడ్డసరం మొక్కలు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దగ్గుకు అంతకు మించిన మందు లేదు, ఆ మాట నిజమే.

అయితే అడ్డసరానికి ఎండ కావాలి. ఆ ఇంటికి ఎండ వచ్చేది ఒక్క అరుగు మీదికే. రోగి ముఖ్యమా, మందు ముఖ్యమా? మందే కదా! కుండీలు అరుగెక్కాయి. రాజశ్రీ కొంచెం పక్కకు జరిగింది. వామాకు వచ్చింది, ఇంకొంచెం జరిగింది. పిప్పలి, తులసి, కలబంద వచ్చేసరికి గడప దాటి లోపలికి వెళ్లింది. తిప్పతీగను కిటికీకి పాకించాక ఆమె లోపలి గదిలో మూలకు, బల్బు కిందికి చేరింది. కమలవ్వ రెండు రోజులు నిలబడి మాట్లాడి, కాళ్లు గుంజి, రావడం మానేసింది.

గాలి లేని గదిలో తంబాకు దుమ్ము ఎటు పోతుంది? దగ్గు పెరిగింది. దగ్గు పెరిగిందంటే డోసు చాలలేదన్నమాట. ప్రేమ్‌కుమార్ ఇంకో రెండు కుండీలు తెచ్చాడు. వాటికి పురుగు పడితే భార్య చాటలోని తంబాకే గుప్పెడు నానబెట్టి ఆ నీళ్లు కొట్టాడు. దగ్గు తెప్పించిన దినుసుతోనే దగ్గు మందును కాపాడడం మామూలు బుర్రకు తట్టే పనేనా? ఆ ఆకులే కషాయమై రెండు పూటలా గ్లాసుతో రాజశ్రీ ముందుకొచ్చేవి. తాగకపోతే అలిగేవాడు.

పేరు మాత్రం బాగా వచ్చింది. అరుగు ముందు నిలబడి అతను తీసిన వీడియోకు లైకులు కురిశాయి. బిచ్కుంద నుంచి చుట్టాలొచ్చి ఆకులు తెంపుకుపోయారు. వీడియోలో వెనక నుంచి దగ్గు వినిపిస్తోందని ఎవరో కామెంట్ పెడితే, తర్వాతి వీడియోకు పాట కలిపాడు.

కార్తీకం వెళ్లాక ఒకరోజు అతను బస్సెక్కగానే రాజశ్రీ కమలవ్వను పిలిచింది. ఇద్దరూ కలిసి అడ్డసరం కుండీలను లోపలి మూలకు మోశారు. ఖాళీ అయిన జాగాలో చాటలు పెట్టుకుని ఒరుసుకుని కూర్చున్నారు. రాత్రి ప్రేమ్‌కుమార్ అడిగితే మేకలు మేస్తున్నాయని చెప్పింది. అడ్డసరాన్ని మేక ముట్టదని వీడియోల్లో రాలేదు కాబోలు, నమ్మాడు. జాగ్రత్త తెలిసిందని మెచ్చుకున్నాడు కూడా.

కొన్నాళ్లకు ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. ఆదివారం పొద్దున అది చూసి ప్రేమ్‌కుమార్ గుండె జారిపోయింది. కుండీ చంకన పెట్టుకుని అరుగు మీదికి పరుగెత్తుకొచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను అంతగా కంగారు పడటం రాజశ్రీ చూడలేదు. ఆమెకు కడుపు మండింది, నవ్వూ వచ్చింది.

"గా మూలకు ఎండ లేదు, గాలి లేదు, అంతా తంబాకు దుమ్మే," అన్నాడు. "గాడ ఏదన్న బతుకుతదా?"

కమలవ్వ కత్తెర ఆపింది. రాజశ్రీ చేతిలో ఉన్న బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసింది.

"వానకాలం సంది నేను గాడనే కూసున్న," అంది.

ప్రేమ్‌కుమార్ కుండీతో నిలబడిపోయాడు. దించుదామంటే అరుగు మీద ఇద్దరు మనుషులున్నారు, లేవమనడానికి నోరు రాలేదు. చివరికి దాన్ని వీధిలోనే పెట్టి, దవాఖానకు పోదామా అని మెల్లగా అడిగాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇంట్లో ఔషధ మొక్క తప్పక పెంచండి. ఊపిరాడటం లేదని ఆడమనిషి నెలల తరబడి దగ్గి చెప్పినా అర్థం కానిది, నాలుగు ఆకులు రాలితే మనకు ఇట్టే అర్థమైపోతుంది!