జారే నిచ్చెన

పరాయి దేశపు ఊరు హారిస్‌డేల్‌లో ఆ శనివారం ఉదయం హేమచంద్ర పథకం చాలా చిన్నది. దోసెలు తిని, కూతురు తన్మయికి ఒక గంట లెక్కలు చెప్పి, ఆ తరవాత పెరట్లో గడ్డి కోసుకోవాలి. సోమవారం ఆ పిల్లకి యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మొదటి ఏడు లెక్కల సప్లిమెంటరీ పరీక్ష. ఇది కూడా పోతే ఇంజనీరింగే మానేస్తానని తేల్చి చెప్పేసింది. పాతికేళ్ళుగా ఇంజనీరు ఉద్యోగం వెలగబెడుతున్న తండ్రి ఉండగా పిల్లకి బెంగ దేనికని అతని ధీమా.

మొదటి ప్రశ్నలోనే నిచ్చెన ఎదురైంది. అయిదు మీటర్ల నిచ్చెన గోడకు ఆనించి ఉంది. దాని అడుగు గోడకు మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు సెకనుకు మీటరు చొప్పున బయటికి జారుతోంది. పైకొస ఎంత వేగంతో కిందికి దిగుతుంది?

"ఆప్షన్లు ఏవమ్మా?" అన్నాడు హేమచంద్ర. ఎంట్రన్సు పరీక్షలో నాలుగు జవాబులిస్తే మూడు కొట్టేసి, మిగిలిన దానికి టిక్కు పెట్టి పైకొచ్చిన తరం అతనిది.

"నో ఆప్షన్స్ నాన్నా. స్టెప్స్ చూపించాలి."

ఆఫీసు నుంచి ఫోనొచ్చిందని అబద్ధమాడి గరాజ్‌లో దూరాడు. మిత్రుడు ఆనందరావుకి ఫోన్ చేసి, "నిచ్చెన జారిపోతోందిరా. ఏం చెయ్యాలో తోచట్లేదు. గట్టిగా మాట్లాడితే పిల్ల వింటుంది. వెంటనే రా" అని గుసగుసలాడి పెట్టేశాడు.

ఆనందరావు అసలే కంగారు మనిషి. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో "హేమచంద్ర నిచ్చెన మీద వేలాడుతున్నాడు, దగ్గర్లో ఉన్నవాళ్ళు పరుగెత్తండి" అని పెట్టేశాడు. పావుగంటలో వీధి నిండింది. హనుమయ్య కారు మీద తన సొంత నిచ్చెన కట్టుకొచ్చాడు. డాక్టరు శ్రీదేవి మందుల సంచీతో, ఎందుకైనా మంచిదని పులిహోర డబ్బాతో దిగింది. వెనక ఆనందరావు, ఇంకో ఇద్దరు ఇంజనీర్లు పరుపు మోసుకొస్తున్నారు.

సంగతి బయటపడేసరికి హేమచంద్రకి తల కొట్టేసినట్టయింది. అయినా వచ్చినవాళ్ళెవరూ కదల్లేదు. లెక్క చూశాక వదిలి వెళ్తే ఇంజనీర్ల పరువేం కాను?

"ఇందులో ఏముంది? కింద ఎంతో పైన అంతే. సెకనుకి మీటరు," అన్నాడు హనుమయ్య. అందరూ తలలూపారు.

"ఐ డోంట్ థింక్ సో అంకుల్," అంది తన్మయి.

"అయితే పెట్టి చూద్దాం పద," అన్నాడు హనుమయ్య. అతను తెచ్చిన నిచ్చెనా సరిగ్గా అయిదు మీటర్లే.

లెక్కలో చెప్పినట్టే అడుగు మూడు మీటర్ల దూరంలో ఉంచి, కొత్తగా రంగు వేసిన గోడకు దాన్ని ఆనించారు. హేమచంద్ర అడుగు పట్టి లాగాడు. పైకొస గోడ మీద రంగు గీసుకుంటూ దిగింది. అతని భార్య శ్రీదివ్య కిటికీలోంచి చూసి తలుపు ధడాలున మూసేసింది.

తన్మయి మాత్రం టేపు పట్టుకొచ్చి కొలిచింది. "కింద నలభై సెంటీమీటర్లు, పైన ముప్పై మూడే. సో సేమ్ కాదు. నిచ్చెన పొడుగు మారదు కదా, అదే క్లూ." గోడ మీదే పెన్సిలుతో స్టెప్స్ రాసింది. అడుగు మూడు మీటర్ల దగ్గర ఉన్న ఆ క్షణాన పైకొస వేగం సెకనుకు ముప్పావు మీటరని తేలింది. ఆనందరావుకి అర్థం కాక మళ్ళీ చెప్పింది. హనుమయ్య కోసం మూడోసారి చెబుతూ నవ్వేసింది.

"థాంక్స్ అంకుల్. థాంక్స్ ఆంటీ. రియల్లీ. క్లాసులో నాకొక్కదానికే రాదనుకుని అడగడానికి సిగ్గుపడేదాన్ని. మీకెవరికీ రాదని తెలిశాక భయం పోయింది."

హేమచంద్రకి కళ్ళు చెమర్చాయి. సెలవు రోజున చేతిలో పని పడేసి, తను పడిపోతున్నాడని పరుగెత్తుకొచ్చిన ఈ మనుషులు లేకపోతే ఈ పరాయి ఊళ్ళో తనకెవరున్నారు అనిపించింది. అందరికీ తనే పులిహోర వడ్డించాడు.

తన్మయి పరీక్ష పాసైంది. హేమచంద్ర గ్రూపులో ఒక్కొక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు, ముఖ్యంగా ఆ రోజు ఒక్కరూ సరైన జవాబు చెప్పనందుకు.