ఎవరి మనసూ నొవ్వని బ్యాకప్

“గా డబ్బా కాలిపోతే ఎట్లనే బిడ్డా?” అంది గోదావరి.

అప్పటికింకా ఏమీ కాలలేదు. కరెంటు ఉంది, కంప్యూటర్ ఉంది, దాని ముందు కూతురు నవనీత ఉంది. పొయ్యి మీద చాయ్ కూడా ఇంకా పొంగలేదు. కానీ గోదావరికి ఏ చెడైనా జరగకముందే కళ్ళకు కడుతుంది. బస్సు ఆలస్యమైతే బోల్తా పడిందనుకుంటుంది. ఫోను మోగితే ఎవరో పోయారనుకుంటుంది, మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకుంటుంది. మొన్న వోల్టేజి ఎక్కువై పక్కింటి సాయవ్వ వాళ్ళ టీవీ పొగలు కక్కింది. అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

ఈసారి భయపడటానికి కారణం లేకపోలేదు. ఆ కంప్యూటర్‌లో నవనీత ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఉంది. ఏడాది పాటు బోధన్, ఎడపల్లి చుట్టూ ఎండలో తిరిగి, రైతులను బతిమాలి చెరుకు గడలు తెచ్చి, రసంలో తీపి ఎంతుందో కొలిచి రాసుకున్నదంతా అందులోనే ఉంది. సాయంత్రంకల్లా కాలేజీలో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. ఆఖరి పేజీలు టైపు చేయడం ఒక్కటే మిగిలింది. ఫైలు ఫ్లాపీలో పట్టదు. మధ్యాహ్నం స్నేహితురాలు పెన్‌డ్రైవ్ తెస్తే అందులో ఎక్కించుకుని, ప్రింటు తీయించి, బైండింగు చేయించుకోవాలి.

“మంచి మాట అనవేందమ్మా పొద్దుపొద్దుగాల,” అంది నవనీత తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే. “సరే, నీ పానం నిమ్మళమైతదంటే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏస్త. దానంతట అదే ఇంకో కాపీ తీసి దాస్తది. పత్రికతోటి వచ్చిన సీడీల శానా ఉన్నయి.”

“శానా ఉన్నయా? అండ్ల మంచిదేది?”

“ఏమోనమ్మా.”

అనకుండా ఉండాల్సిన మాట అదొక్కటే. డాక్టరు ‘ఏమో’ అన్నా, కండక్టరు ‘ఏమో’ అన్నా గోదావరి ఇంకొకరిని అడగడానికి పరుగెడుతుంది. నవనీత ఏదో ఒకటి వేసి పనిలో పడేలోపే ఆమె బోధన్‌లో ఉన్న అన్నకు ఫోను కొట్టింది. దేవన్న చెరుకు కాటా దగ్గర బండ్ల బరువును కంప్యూటర్‌లో ఎక్కించే మనిషి. ఆయనకు తెలియనిది ఉండదని పుట్టింటి వాళ్ళందరి నమ్మకం, ఆయన నమ్మకం కూడా.

“అన్నా, డబ్బా కాలిపోయేటట్టున్నది, పిల్ల బతుకు ఆగమైతది, జెర రావే,” అని చెప్పి, అటువైపు మాట వినకుండానే పెట్టేసింది.

గడ్డం గీసుకుంటున్న భర్త రాజారాం అద్దంలోంచే చూశాడు. మార్కెట్ యార్డులో పసుపు దుకాణంలో గుమస్తా ఆయన. ఇంట్లో మాట్లాడేది తక్కువ, మాట్లాడినప్పుడు మాత్రం పని పెరుగుతుంది.

“మీ అన్నను పిలిసినవు, బాగున్నది. మా తమ్ముడు మాక్లూర్ల కంప్యూటర్ దుకాణమే పెట్టుకొని కూసున్నడు. రేపు ఆనికి ఎర్కైతే ఏమనుకుంటడు?”

ఆ మాట అనేసి, ముఖం తుడుచుకుని, ఆయన పనికి వెళ్ళిపోయాడు. గోదావరి మళ్ళీ ఫోను ఎత్తింది.

దేవన్న వచ్చేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతిలో ఇసుక నింపిన బకెట్టు కూడా ఉంది, బస్సు దిగాక ఆటో వాడిని బతిమాలి, దారిలో పెట్రోలు బంకులో అడిగి తెచ్చాడట.

“యాడనే చెల్లె అగ్గి?”

“ఇంకా అంటుకోలేదన్నా.”

దేవన్న బకెట్టు గడప పక్కన దించి, కాసేపు దాని వంకే చూశాడు. వచ్చిన బస్సు చార్జీ ఊరికే పోకూడదు కదా. సంగతి విని, కుర్చీ లాక్కుని, “గింతేనా? మా కాటాకాడ ఏసుకున్నది నా సంచిల్నే ఉన్నది. గీ పత్రిక సీడీలన్ని పిల్లల ఆటలు. జరుగు బిడ్డా,” అన్నాడు.

“మామా, నేను ఒకటి ఏసిన. నడుస్తున్నది.”

“నడుస్తది, ఎందుకు నడవది? నాదీ నడుస్తది. ఉండనీయి.”

ఆయన ఎక్కిస్తుండగానే మాక్లూర్ నుంచి రాజారాం తమ్ముడు భీమన్న దిగాడు. వదిన చేతి చాయ్ తాగుతూ తెర వైపు చూసి పెదవి విరిచాడు. “బావా, గిది పాతదాయె. మా దుకాణంల గిరాకీలకు నేనేసేది వేరే ఉన్నది. ఇక్కడ ఏమి తీస్తే అక్కడ గూడ తీసేస్తది, ఏమి పెడితే అక్కడ గూడ పెడతది. ఎన్నడు లెక్క తప్పది.”

“కాకా, రెండున్నయి. సాలు,” అంది నవనీత.

“ఉన్నయి గని బిడ్డా...” అని భీమన్న సగంలో ఆపి, చాయ్ గ్లాసు వంక చూశాడు. ఆ చూపు గోదావరికి తెలుసు. పెళ్ళిలో ఆడబిడ్డ పెట్టిన చీర కట్టుకుని, తోడికోడలు పెట్టినది పెట్టెలో దాచినందుకు మూడేళ్ళు మాటలు లేకుండా పోయిన ఇల్లు అది. పెట్టిన చీర ఒక్కసారన్నా ఒంటి మీద కనపడాలి, లేకపోతే పెట్టిన వాళ్ళ మనసు నొచ్చుకుంటుంది. సాఫ్ట్‌వేరైనా అంతే కదా అని ఆమెకు తోచింది.

“పాపం కాక గంత దూరం నుంచి వచ్చిండు. అతనిది గూడ ఏసుకో బిడ్డా,” అంది.

“అమ్మా, ఇది చీర గాదు.”

“చీర కంటె ఎక్కువనే. మామది ఉంచి కాకది వద్దంటే నేను రేపు మాక్లూర్ల మొకం ఎట్ల సూపియ్యాలె?”

నవనీత కళ్ళు మూసుకుంది. టైపు చేయాల్సిన పేజీలు అలాగే ఉన్నాయి, వాదించడానికి మాత్రం ఓపిక లేదు. మూడోదీ ఎక్కింది. ఏమేం కాపీ చేయాలని మూడూ అడిగాయి. గోదావరి కుర్చీ వెనక నిలబడి, “అన్నిటికి టిక్కు వెట్టు, ఒక్కటి ఇడిచిపెట్టకు, దేండ్ల ఏమున్నదో ఎవరికెరుక,” అంటూ పెట్టించింది. మామ సాఫ్ట్‌వేర్‌కు పెట్టినన్ని టిక్కులు కాకదానికీ పెట్టించింది. కూతురు ఎంచుకున్నదానికి కూడా పెట్టించింది, ఇంటిదని చిన్నచూపు కాకుండా.

“మూడు కాపీలు గీ డబ్బాల్నే గదా? డబ్బా కాలితే మూడు కాలవా అన్నా?”

“అపశకునం మాటలు అనకు చెల్లె,” అన్నాడు దేవన్న. భీమన్న కూడా అదే అన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.

తర్వాత కంప్యూటర్ పని మొదలుపెట్టింది. మొదటి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును కాపీ తీసింది. రెండోది ప్రాజెక్టునూ ఆ కాపీనీ కాపీ తీసింది. మూడోది అన్నింటినీ తీసింది. మొదటిది తిరిగొచ్చి చూస్తే అక్కడ కొత్త సరుకు కుప్పలుగా ఉంది. అన్నిటికీ టిక్కు ఉంది కాబట్టి అది మళ్ళీ మొదలుపెట్టింది. ఒకదాని వెనక ఒకటి, అలుపన్నది లేకుండా. డబ్బా లోపల ఫ్యాను, కొండెక్కే బస్సులా మూలగడం మొదలుపెట్టింది.

నవనీత ఆఖరి పేజీ టైపు చేసి దాచుకుంది. వెంటనే తెర మీద, జాగా నిండిపోయిందని వచ్చింది.

“మీ కాకది తీసెయ్యి బిడ్డా, అదే తింటున్నది,” అన్నాడు దేవన్న మెల్లగా.

“వదినె, నేను అననే అంటి, పాతది పెట్టొద్దని,” అన్నాడు భీమన్న అంతకంటే మెల్లగా.

“ఎవల్ది తీసుడు లేదు!” అంది గోదావరి. “ఆ పిల్ల పొద్దటి సంది నీళ్ళు గూడ తాగలే. ముందు నాలుగు బుక్కలు తిను బిడ్డా, కండ్లు తిరిగి పడిపోతవు.”

నవనీత లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె పప్పులో అన్నం కలుపుకునేలోపు దేవన్న కుర్చీలో కూర్చున్నాడు. గొడవ పడటం ఆయనకు ఇష్టం లేదు, పెద్దమనిషి. సాఫ్ట్‌వేర్‌ను ముట్టకుండా, భీమన్న కాపీలు నాలుగు తీసేస్తే జాగా అవుతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాడు. ఏవి ఎవరివో చూస్తే అన్నిటికీ ఒకే పేరుంది. చెరుకు, చెరుకు, చెరుకు. అందాజుగా కొన్ని తీసేశాడు. జాగా కాలేదు. ఇంకొన్ని తీశాడు. అయినా కాలేదు. చెమట తుడుచుకుంటూ, బీడీ కాల్చుకోవడానికి బయటికి నడిచాడు.

అదే అదను చూసి భీమన్న కూర్చున్నాడు. ఆయనకూ గొడవ ఇష్టం లేదు, బావ పెద్దవాడు. బావ కాపీలని తోచినవి తీసేశాడు. డబ్బా నిండుగానే ఉంది. మరికొన్ని తీశాడు. ఇక్కడ తీసిందల్లా అక్కడా తీసేసే ఆయన సాఫ్ట్‌వేర్, చెప్పినట్టే, ఒక్క లెక్క కూడా తప్పకుండా వెనకాలే తుడుచుకుంటూ వచ్చింది.

నవనీత చేయి కడుక్కుని వచ్చి చూస్తే చెరుకు అన్న పేరు ఎక్కడా లేదు. కాపీ లేదు, కాపీకి కాపీ లేదు, అసలుది లేదు. వింతేమిటంటే, డబ్బా మాత్రం ఇంకా నిండుగానే ఉందని చెబుతోంది.

“ఎవరు ముట్టిండ్రు?” అంది.

దేవన్న గోడకున్న క్యాలెండరు చూశాడు. భీమన్న ఇసుక బకెట్టు చూశాడు.

“మీవి ఎక్కువైనయని తీసిన బావా,” అన్నాడు దేవన్న చివరికి.

“నేను మీయి తీసిన,” అన్నాడు భీమన్న. “మరి పిల్లది ఎవరు తీసిండ్రు?”

గోదావరి గడప మీద కూలబడింది. “అయిపాయె. నేను పొద్దుగాలనే అనుకున్న. ఏడాది పాయె. ఎండలవడి తిరిగి నల్లగైపాయె పిల్ల, ఆ తిరుగుడంత మన్నుపాలాయె. ఏమన్న మాట్లాడు బిడ్డా, నీ గుండెకాయ ఏమన్నైతది.”

నవనీత మెల్లగా కుర్చీలో కూర్చుంది. అప్పుడే స్నేహితురాలు వచ్చి, గుమ్మంలో వీళ్ళ ముఖాలు చూసి, పెన్‌డ్రైవ్ అందించి, చావు ఇంటికి వచ్చినట్టు చెప్పులు విడవకుండానే వెళ్ళిపోయింది. మధ్యాహ్నం తిండికి వచ్చిన రాజారాం పసుపు చేతులతో అలాగే నిలబడ్డాడు. నవనీత తెర వైపు చూస్తూనే ఉంది. నిండుగా ఉంది, కానీ ఏమీ లేదు. ఏమీ లేనిది నిండుగా ఎట్లుంటుంది?

ఒక మూల ఉన్న చిన్న బొమ్మ మీద నొక్కింది. ముందుకు వంగింది.

“ఉన్నది,” అంది.

“యాడ? యాడ ఉన్నది బిడ్డా?”

“చెత్తబుట్టల. తీసేసినయన్ని అండ్ల పడ్డయి. గందుకే జాగా కాలే.”

దేవన్న, భీమన్న ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. గోదావరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కానీ ఆమె ప్రాణం కుదుటపడ్డది ఒక్క క్షణమే. కొత్త భయం పట్టుకుంది. ఇంత మేలు చేసిన బుట్ట ఎవరిదో తెలియకుండా పుట్టింటి వైపు పొగిడితే అత్తింటి వైపు చిన్నబోతారు, అత్తింటి వైపు పొగిడితే అన్న మళ్ళీ గడప తొక్కడు.

“గా చెత్తబుట్ట ఎవరు వెట్టిండ్రే? మామనా, కాకనా?”

నవనీత ముందు బుట్టలోంచి చెరుకు ప్రాజెక్టును బయటికి తీసింది. తెరిచి, ఆఖరి పేజీ దాకా ఉందో లేదో చూసుకుంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. ఎక్కిందో లేదో మళ్ళీ చూసుకుంది. మామ, కాక మెడలు సాచి నిలబడ్డారు. రాజారాం కూడా నిలబడే ఉన్నాడు. తల్లి ఇంకోసారి అడిగింది, మరోసారి అడిగింది. నవనీత పెన్‌డ్రైవ్‌ను రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది, నీళ్ళు తాగింది, చెప్పులు తొడుక్కుంది. గుమ్మం దిగి, వెనక్కి తిరిగి, నలుగురి వైపూ ఒకసారి చూసింది.

“దాన్ని ఎవరు వెట్టలేదమ్మా,” అంది. “గందుకే పనిజేసింది.”