అంచు గడి

ఆ పొద్దున ధర్మసాగర్ వైపు లేచిన మబ్బు వరంగల్ మీదికి వచ్చి ఆగిపోయింది. కురవలేదు, పోలేదు. కట్టయ్య సైకిలు దిగి, మబ్బును ఒకసారి చూసి, ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ గది తాళం తీశాడు. పదేళ్లు మట్టెవాడలో జంపఖానాలు నేసి, మోకాళ్లు మొరాయించాక అటెండరుగా చేరిన మనిషి. అడిగితే తప్ప మాట్లాడడు. అడిగినా చాలాసార్లు తల ఊపి ఊరుకుంటాడు.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఆ గదిలో ఉన్నది ఒకటే కంప్యూటరు. అందులో రోబో ప్రోగ్రాం ఒకటి ఉంది. నిజం రోబో లేకపోయినా తెర మీద బొమ్మ చెయ్యిని ఆడించి పని నేర్చుకోవచ్చు. కంప్యూటరు పక్కన పెద్ద పలక, పలక మీద పరిచిన కాగితం, కాగితం నిండా గడులు. పలకకు వైరుతో తగిలించిన పెన్నును ఏ గడి మీద ఆనిస్తే చెయ్యి ఆ పని చేస్తుంది. ఆ గడులనే అందరూ బటన్లనేవారు.

లెక్చరర్ సారంగపాణి నాలుగు నెలలు కూర్చుని సొంతంగా ఒక బటన్ తయారు చేశాడు. నడిమి గడులన్నీ నిండి ఉండడంతో కుడి అంచున ఖాళీగా ఉన్న గడిలో ‘బస్తా’ అని రాయించాడు. దాన్ని ముట్టుకుంటే చెయ్యి వంగి, బస్తా ఎత్తి, లారీ మీద పెట్టాలి. పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి వెంకట్రాజం అనే అధికారి చూడడానికి వస్తున్నాడు. బటన్ పనిచేస్తే నిజం రోబో చెయ్యి ఈ కాలేజీకి వస్తుంది. చేయకపోతే ఇంకో జిల్లాకు పోతుంది.

తొమ్మిదింటికి సారంగపాణి కొత్త కాగితం పలక మీద పరిచాడు. కంప్యూటరు వెలిగించిన ప్రతిసారీ కాగితం నాలుగు మూలల గుర్తులనూ పెన్నుతో తాకి చూపాలి. అప్పుడే ఏ గడి ఎక్కడుందో దానికి తెలుస్తుంది. మూలల్లో పసుపు రంగు చుక్కలు కనిపించాయి. గీసినవాడు ఈసారి రంగు కూడా వేశాడే అని సంతోషించి, నాలుగూ తాకి, ‘బస్తా’ నొక్కాడు.

తెర మీద చెయ్యి, బస్తా, లారీ అన్నీ మాయమయ్యాయి.

బొమ్మను మళ్లీ తెచ్చుకుని నడిమి బటన్లు నొక్కి చూశాడు. ‘ఎత్తు’ ఎత్తింది. ‘దించు’ దించింది. ‘బస్తా’ మాత్రం మళ్లీ అంతా తుడిచిపెట్టింది. పాత బటన్లన్నీ బాగుండి తను చేర్చిన ఒక్కటే చెడితే తప్పు తనదే కదా అనుకుని, ప్రోగ్రాంలో మూడు వరుసలు మార్చాడు. ఫలితం మారలేదు. ఇంకో ఆరు మార్చాడు. ఆ తర్వాత ఏవి మార్చాడో అతనికే గుర్తు లేదు.

చివరికి కాలేజీ ఎలక్ట్రీషియన్ జలాల్‌ను పిలిపించాడు. జలాల్ తెరను దూరం నుంచే చూశాడు.

“అర్తింగ్ కమ్‌జోర్ ఉన్నది సార్. ఫికర్ జెయ్యకుండ్రి, పది నిమిషాల్ల సెట్ జేస్త.”

మెయిన్ ఆపి, గోడ వెనక ఎర్తింగ్ గుంతలో ఉప్పు వేసి, బిందెల కొద్దీ నీళ్లు పోశాడు. కరెంటు ఆగడంతో ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను నిలిచిపోయింది. ప్రిన్సిపాల్ బయటికి వచ్చి, సంగతి విని, ఆ కంప్యూటరును ఎవరూ ముట్టుకోవద్దని ఆర్డరు వేశాడు. దేన్ని ముట్టుకోవద్దన్నారో చూడడానికి స్టాఫంతా వచ్చింది. ఇంతలో గుంత నిండి, నీళ్లు గేటు దాకా పారాయి. అరగంట ముందే వచ్చిన వెంకట్రాజం జీపు ఆ బురదలో దిగబడింది. జలాల్ తోయడానికి పరుగెత్తాడు.

మోకాళ్ల దాకా బురదతో లోపలికి వచ్చిన వెంకట్రాజం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ తల ఊపగానే సారంగపాణి మెయిన్ వేయించి, కంప్యూటరు వెలిగించి, నాలుగు చుక్కలూ తాకి, ‘బస్తా’ నొక్కాడు. తెర ఖాళీ అయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఖాళీ.

“సార్,” అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ కట్టయ్య. “ఎడమ అంచుకున్న గడి జర ముట్టి సూడుండ్రి.”

అందరూ అటు తిరిగారు. అతను చెప్పిన మాట కన్నా, అతను మాట్లాడడమే వింతగా ఉంది. సారంగపాణి ఎడమ అంచున ‘పెద్దది’ నొక్కాడు. బొమ్మ పెద్దది కాలేదు, గిర్రున తిరిగింది. ‘తిప్పు’ దాని పక్క గడి.

“నడిమియి మంచిగనే జేస్తానయి సార్. అంచుకు పోయినకొద్ది లోపటి గడి పని జేస్తానయి. ‘బస్తా’ పక్కన ‘చెరుపు’ ఉన్నది. మూలలు కట్టాల్సిన కాడ గాక, దూరం గుంజి కట్టినట్టున్నది.”

“మూలలు నేనే తాకిన గదా, కట్టయ్యా. చుక్కలు కనవడుతనే ఉన్నయి.”

“అవి నేను పెట్టిన సార్. నిన్న మాపటీలి. కొత్త కాయితం మంచి పనికి పోతాందని నాలుగు మూలలకు పసుపు పెట్టిన. అసలు గుర్తులు లోపట ఉంటయి, సూడుండ్రి.”

సారంగపాణి వంగి చూశాడు. ప్రతి పసుపు చుక్కకూ రెండు వేళ్ల దూరంలో, లోపలి వైపు, నువ్వు గింజంత గుర్తు ఉంది. బయటి చుక్కలు తాకి చూపేసరికి కంప్యూటరు కాగితం ఉన్నదానికన్నా పెద్దదనుకుని, గడులన్నిటినీ బయటికి సాగదీసి లెక్క వేసుకుంది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం తెలియని మనిషి, గుమ్మం దగ్గర నిలబడి, ఏది ఎక్కడ నొక్కితే ఏమవుతోందో చూసి, నేతలో తప్పు పట్టినంత తేలిగ్గా పట్టాడు. పట్టి, ఇంతమంది ముందు అది తనదేనని ఒప్పుకున్నాడు.

పాత ఫ్లాపీ నుంచి చెడని ప్రోగ్రాం మళ్లీ ఎక్కించి, ఈసారి నువ్వు గింజలు తాకి, ‘బస్తా’ నొక్కాడు. చెయ్యి వంగింది. అలవాటైన హమాలీలా బస్తా ఎత్తి, లారీ మీద మెల్లగా దించింది.

“అర్తింగ్ గూడ జర పనిజేసింది సార్,” అన్నాడు జీపు తోసి అప్పుడే వచ్చిన జలాల్.

వెంకట్రాజం సంచిలోంచి ఫారం తీసి రాయడం మొదలుపెట్టాడు. కట్టయ్య తన ఉద్యోగం ఎవరు పీకుతారా అన్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“రోబో వస్తే ఎవరి చేతికి అప్పజెప్పాలి?” అని అడిగాడు వెంకట్రాజం.

ఆ ప్రశ్నకు జవాబుగా సారంగపాణి నాలుగు నెలలుగా తన పేరే అనుకుంటున్నాడు.

“కట్టయ్య పేరు రాయండి సార్.”

వెంకట్రాజం తల ఎత్తి, తలుపు వైపు చూసి, ఇంటిపేరు అడిగాడు. కట్టయ్య చెప్పింది ఎవరికీ వినిపించలేదు. రెండోసారి చెప్పాడు.

మధ్యాహ్నం హాస్టల్ మెస్సులో నలుగురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. రోజూ వరండాలో ఒక్కడే డబ్బా విప్పుకునే కట్టయ్యను సారంగపాణి చెయ్యి పట్టుకుని తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. వెంకట్రాజం పచ్చిపులుసు మూడుసార్లు పోయించుకున్నాడు, జలాల్ నాలుగుసార్లు. అది బాగుందని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ చెప్పలేదు.