తెగిన తీగ అవునంది

కిటికీ అద్దం మీద మంచు ఇంకా కరగలేదు. కాఫీ కప్పు చేత్తో పట్టుకుని లాజిక్ మేడమ్ అద్దం అవతలి లోకాన్ని చూస్తోంది. కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకు డిజిటల్ లాజిక్ చెప్పీ చెప్పీ, ఆమెకు లోకమంతా సున్నాలూ ఒకట్లుగానే కనబడుతుంది. ఎదురింటి తలుపు యాండ్ గేటు. అత్తా కోడలూ ఇద్దరూ సరేనంటేనే తెరుచుకుంటుంది. పక్కింటిది ఆర్ గేటు. ఏ ఒక్కరు ఊ అన్నా చాలు. మంచులో ఆ తలుపులన్నీ తీగలతో కలిసిపోయి, నెమ్మదిగా వెలిగి ఆరుతున్నట్టు ఉంది.

"ఏమ్మా, కాఫీ చల్లారిపోయింది. కల ఇంకా కాలేదా?" అంది అత్తగారు.

"అయిపోయింది అత్తయ్యా. పదకొండింటికి మీటింగు. ఆ పెట్టె తీసుకెళ్లాలి."

పెట్టె బల్ల మీద ఉంది. ఆమె స్వయంగా చేసిన ఓటు పెట్టె. ముగ్గురికి మూడు మీటలు, పైన రెండు దీపాలు. ఇద్దరు అవునంటే పచ్చది వెలుగుతుంది, లేకపోతే ఎర్రది. ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదు. ఈవేళ కమిటీలో దీన్ని వాడి చూపిస్తే, తను నడిపే లాబ్ ఎందుకు పనికొస్తుందో పెద్దలకు అర్థమవుతుంది. అర్థం కాకపోతే లాబ్ గది విరిగిన బెంచీలు పడేయడానికి పోతుంది. లాబ్ లేని కాలేజీకి లాజిక్ మేడమ్ మాత్రం ఎందుకు?

ఆమె చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది. అత్తగారు పెట్టెను తుడుస్తూ, వెనక చీలికలోంచి ఎర్రతీగ ఒకటి ఉచ్చులా బయటికి రావడం చూసింది. పెద్దమనుషుల ముందు పెట్టే వస్తువుకు ఈ వేలాడే తోక ఏమిటి? కత్తెర తెచ్చి టక్కున కత్తిరించి, కొసలు రెండూ లోపలికి నొక్కేసింది. కోడలి మీద ఆవిడకు ఉన్న ప్రేమ అలాంటిది.

కమిటీలో ముగ్గురే. ప్రిన్సిపాల్, ఆఫీసు సూపరింటెండెంట్ ఉప్పూ నిప్పూ. ఒకరు తూర్పంటే రెండోవారు పడమర. మూడోవారు లైబ్రేరియన్. ముప్పై ఏళ్లుగా దేనికీ అవునని అనని మనిషి. కాలేజీ అంతా ఆయన్ని వద్దుగారు అనే పిలుస్తుంది. అందుకే ఆ కాలేజీలో ముప్పై ఏళ్లుగా ఏ తీర్మానమూ నెగ్గలేదు.

"ముందు పరీక్ష చూపించు తల్లీ" అన్నాడు ప్రిన్సిపాల్.

లాజిక్ మేడమ్ ముగ్గురినీ మీటలు అవును వైపు నొక్కమంది. పచ్చదీపం. ముగ్గురినీ వద్దు వైపు నొక్కమంది. ఎర్రదీపం. ఆమె సంతోషంగా వెళ్లి గోడవారగా కూర్చుంది. మూడు మీటల మీద అవునూ వద్దూ కలిసే తీరులు ఎనిమిది వరసలవుతాయి, ఎనిమిదీ చూడందే సర్క్యూట్‌ను నమ్మొద్దని పిల్లలకు రోజూ చెప్పే మనిషి ఆ పూట రెండే చూసింది.

మొదటి అంశం ప్రిన్సిపాల్‌ది. లైబ్రరీ సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచాలి. మూడు మీటలు టకటకలాడాయి. పచ్చదీపం వెలిగింది.

ప్రిన్సిపాల్ వద్దుగారి వైపు ఆప్యాయంగా చూశాడు. సూపరింటెండెంట్ వద్దుగారి వైపు కొరకొరా చూశాడు. వద్దుగారు మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తను వద్దనే నొక్కాడు. అంటే వీళ్లిద్దరూ కలిసిపోయారన్నమాట!

రెండో అంశం సూపరింటెండెంట్‌ది. ఆఫీసు కిటికీలకు నీలం తెరలు. పచ్చదీపం.

"ఏమండీ, ఇందాక నా వైపు, ఇప్పుడు ఆయన వైపా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"నేనెవరి వైపూ లేను. మీ ఇద్దరి రాజీ ఎప్పుడు కుదిరింది?" అన్నాడు వద్దుగారు.

"రాజీనా? ఈయనతోనా? ఈ జన్మలోనా?" అన్నాడు సూపరింటెండెంట్.

మూడో అంశం, కర్ణకఠోరమైన గంట తీసేసి మెత్తగా మోగే గంట పెట్టడం. పచ్చదీపం. టీ తెచ్చిన అటెండరు ఆ వెలుగు చూసి, కప్పులు అక్కడే పెట్టి బయటికి పరుగెత్తాడు. పది నిమిషాల్లో వరండా పిల్లలతో నిండిపోయింది. తలుపు కిందనుంచి ఒక కాగితం జారింది. ఆ వెనక ఇంకొకటి. "ఏడింటిదాకా చదువుకోనిచ్చినందుకు థాంక్స్ సార్" అని ఒకటి. "మీరింత మంచివారని తెలీదు సార్, క్షమించండి" అని ఇంకొకటి. వద్దుగారు వాటిని ఒక్కొక్కటే తీసి చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. తెల్లటి పగటి వెలుగులో ఆయన ముఖం ఎవరో కొత్తవాళ్ల ముఖంలా ఉంది.

నాలుగో అంశం చదివారు. లాబ్ గదిని బెంచీలకు ఇవ్వడం. ఇదీ ప్రిన్సిపాల్‌దే కాబట్టి సూపరింటెండెంట్ వద్దంటాడు. వద్దుగారు వద్దనక తప్పదు. లాజిక్ మేడమ్ ధీమాగా ఊపిరి పీల్చుకుంది.

పచ్చదీపం వెలిగింది.

మొదట అది ఏదో కలలో దీపంలా దూరంగా కనిపించింది. తర్వాత బుర్రలో వరసలు కదిలాయి. ఒకటి, సున్నా, సున్నా. అంటే ఒక అవును, రెండు వద్దులు. దానికి పచ్చదీపం ఎలా వస్తుంది? వద్దుగారి మీట తీగ పెట్టెలోని చిప్‌కు అందకపోతే తప్ప! ఈ రకం చిప్ తెగి వేలాడే తీగను ఒకటిగా, అంటే అవునుగా లెక్కేసుకుంటుంది. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. చిప్‌కు పూర్తి అంగీకారమే.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చెప్పకపోతే లాబ్ పోతుంది. చెబితే చేతగాని పెట్టె చేసిన లాబ్ ఎందుకంటారు. అయినా ఆమె కాళ్లు లేచాయి.

"సార్, పెట్టె పాడైంది."

మూత తీసింది. లోపల ఎర్రతీగ నున్నగా తెగి ఉంది. ఎవరో ఎంతో ప్రేమగా సర్దినట్టు రెండు కొసలూ పక్కపక్కనే ఉన్నాయి.

"వద్దుగారు... అంటే లైబ్రేరియన్ గారు ఏం నొక్కినా ఇది అవుననే అంది సార్. ఎనిమిది వరసలూ చూడకుండా తీసుకొచ్చాను. తప్పు నాదే."

"అంటే మీరు అన్నిటికీ..." అన్నాడు ప్రిన్సిపాల్.

"అన్నిటికీ వద్దన్నాను" అన్నాడు వద్దుగారు.

"హమ్మయ్య!" అన్నాడు సూపరింటెండెంట్, తను కోరిన తెరలు గుర్తొచ్చేదాకా. గుర్తొచ్చాక, "అయితే నాలుగూ రద్దేనా?" అన్నాడు దిగులుగా.

వరండాలో చప్పట్లు మొదలయ్యాయి. "లైబ్రేరియన్ సార్‌కీ...!" అని ఒక గొంతు, "జై!" అని నూరు గొంతులు. వద్దుగారు చేతిలోని కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తలుపు వైపు చూశాడు. ఆ తలుపు తీసి వాళ్లకు ఏం చెప్పాలి?

"మొదటి మూడూ ఉండనివ్వండి" అన్నాడు చివరికి.

ప్రిన్సిపాల్ కుర్చీలో ముందుకు వంగాడు. "మీరేనా మాట్లాడేది?"

"నేనే. తీగ తెగలేదిప్పుడు."

"నాలుగోది?"

"అది మాత్రం కుదరదు. నా మాట పెట్టెకు అందకపోతే తప్పు కనిపెట్టిందెవరు? తన నోటితో తనే ఒప్పుకుందెవరు? ఈ కాలేజీలో అలాంటి మనిషి ఇంకొకరు ఉంటే చెప్పండి, బెంచీలు నేనే మోస్తాను."

సూపరింటెండెంట్ ఎలాగూ ప్రిన్సిపాల్‌కు ఎదురే. రెండు వద్దులు, ఒక అవును. లాజిక్ మేడమ్ దీపం వైపు చూడకుండా వేళ్ల మీదే లెక్కపెట్టుకుంది. మంచు విడిపోయిన కిటికీలోంచి ఎండ వచ్చి ఆ వేళ్ల మీద పడింది.

ప్రిన్సిపాల్ మినిట్స్ పుస్తకం తెరిచి, కలం కొరికి, ఇలా రాశాడు: "లాబ్‌ను యథాతథంగా కొనసాగించవలెను. కారణం, అందులో చేసిన పెట్టె పనిచేయలేదు."