చేపలు బెదరకూడదు

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా ఇంట్లో చప్పుడు కాకుండా చూడటం, ఆ తర్వాత చేపల మొప్పల్లోంచి చిన్న ముక్కలు తీసి మందునీటిలో వేయడం. సముద్రాన్ని ఆనుకున్న ఉప్పు సరస్సు చేపలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో కనిపెట్టడమే ఆమె పరిశోధన. ల్యాబ్‌లో ఒక తొట్టి గాలి పంపు కాలిపోవడంతో సగం చేపలు టబ్బుతో సహా ఇంటి హాల్లోకి వచ్చాయి. మిగతా సగం అక్కడే గైడు కాపలాలో ఉన్నాయి. ఇవి పాడైతే మళ్ళీ దొరికేది వచ్చే ఏడే. పరిశోధన గడువు అంతదాకా ఆగదు.

"చేప బెదిరిందా, భయం జన్యువులన్నీ ఒక్కసారి లేచి కూర్చుంటాయి. ఆ గోలలో మనక్కావలసినవి కనబడవు," అని గైడు ముందే హెచ్చరించాడు.

అత్తగారు దాన్ని ఇంటి చట్టం చేసేసింది. మిక్సీ బంద్, టీవీ బంద్. టబ్బు మీద తెల్ల దుప్పటి కప్పింది. గురకపెట్టే మామగారిని వెనక గదిలోకి తోసి తలుపు మూసింది.

అప్పుడే నిచ్చెన అడగడానికి పక్కింటావిడ వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే నేల మీద తెల్ల దుప్పటి, పక్కన మాటాపలుకూ లేని అత్తాకోడళ్ళు. మామగారు మాత్రం ఎక్కడా లేరు. అత్తగారు పెదవుల మీద వేలు పెట్టింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనుదిరిగింది.

కాసేపటికి వీధి వీధంతా పిల్లుల్లా అడుగులేస్తూ హాల్లోకి వచ్చింది.

"అత్తయ్యా, వీళ్ళందరికీ చెప్పారా?" కోడలు గుసగుసగా అడిగింది.

"నేనా? నీ చేప పేరే నాకు నోరు తిరగదు!"

ఇంతలో మామగారి చీట్లపేక నేస్తం దుప్పటి ముందు కూలబడి బావురుమన్నాడు. "ఒరే, నిన్నటి ఆట పూర్తి చేయకుండానే పోయావట్రా!"

ఆ ఒక్క కేకతో వీధంతా గొల్లుమంది.

వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. "ఎవడ్రా నా నిద్ర చెడగొట్టింది?" అంటూ మామగారు లుంగీ బిగించుకుంటూ వచ్చారు.

నేస్తం కెవ్వుమన్నాడు. కుర్చీలు దొర్లాయి. ఎవరి మోకాలో తగిలి టబ్బులో నీళ్ళు హాలంతా చిందాయి.

"అయిపోయింది, నా చదువు నీళ్ళపాలైంది," అని కోడలు గోడకు ఆనుకుని ఏడ్చింది. ఇక ల్యాబ్ చేపలే దిక్కనుకుంటూనే ముక్కలు తీసింది.

ఫలితాలు వచ్చాయి. ఇంటి చేపల్లో భయం జన్యువుల జాడే లేదు. ల్యాబ్ చేపల్లో మాత్రం అవి తైతక్కలాడుతున్నాయి. ఇంటి చేపల పుణ్యమా అని పరిశోధన గట్టెక్కింది.

"విచిత్రం! ఇక్కడ చీమ చిటుక్కుమనలేదే," అన్నాడు గైడు. "చేపలు కులాసాగా ఉన్నాయో లేదోనని నేనే మాటిమాటికీ వంగి, కిక్కురుమనకుండా చూస్తూ నిలబడ్డాను."

పడవల హోరులో పెరిగిన చేపలకు ఏడుపులొక లెక్క కాదనీ, నీళ్ళ మీద చప్పుడు చేయకుండా వంగి నిలబడేది కొంగేననీ కోడలికి అప్పుడు తట్టింది.

పట్టా చేతికొచ్చేదాకా ఆ కొంగ సంగతి ఆమె గైడుతో అనలేదు.